అమరాబాదు అడవికి గీచిన ఎల్లలు



హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాటలో దిండి దాటి, హాజీపురము మీదుగా కొండదారి పట్టినచో మన్ననూరు వచ్చును. ఆ యూరి చివర అటవీశాఖవారి తనిఖీద్వారము కలదు. రాత్రి 9 గంటలకు ఆ ద్వారము మూయుదురు. మరల ఉదయము 6 గంటలకుగాని తెరువరు. ఆ మధ్యకాలమున అడవి వన్యమృగములది, బాట మనుష్యులది కాదు. నేనొకమారు ప్రొద్దుపోయి వచ్చి, ఆ ద్వారముకడ తెల్లవారువరకు వేచియుంటిని. చలిమంట చుట్టు కూర్చున్న ప్రయాణికులలో కొందరు విసుగుకొనిరి, కొందరు మల్లన్నను తలచుకొనిరి. నాకు మాత్రమొక ప్రశ్న కలిగెను: ఈ గీత నిచ్చట గీచినవారెవరు? దీనికి ముందీ నేలమీద మరి యే గీతలుండెను? ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమే నేటి నా ప్రసంగము.

మీరందరు పొలిమేరల విలువ నెరిగినవారు. గట్టు జానెడు జరిగినచో రెండు కుటుంబములు తరతరములు వ్యాజ్యమాడుట మీరు చూచినదే. ఊరి గట్టునకే యింత చరిత్ర యున్నప్పుడు, కొన్ని లక్షల యెకరముల యడవికి గీచిన గట్టునకెంత చరిత్ర యుండవలెను! అమరాబాదు మెట్ట నల్లమల కొండలకు ఉత్తరభాగము. దక్షిణమున కృష్ణానది లోతైన లోయలో పారుచుండును. ఆ మెట్టలో రెండంతస్తులు కలవు. క్రింది అంతస్తున అమరాబాదు, మన్ననూరు మొదలగు సేద్యపు గ్రామములున్నవి. పై యంతస్తున ఫర్హాబాదు మొదలు అప్పాపూరు, భౌరాపూరు, మేడిమల్కలు మున్నగు చెంచుపెంటలున్నవి. చిరుమాను, నల్లమద్ది, నారయేపి, తునికి, ఇప్ప, మొర్రి, వెదురు పెరుగు ఆకురాల్చు అడవి యది. పెద్దపులి, చిరుత, ఎలుగు, రేచుకుక్క, కణితి, దుప్పి, మనుబోతు అందలి నివాసులు.

ఈ నేలమీద మొదటి యెల్లలు కాగితముపై గీచినవి కావు. చెంచులలో ఒక్కొక్క గుంపునకు తాతలనాటినుండి ఒక్కొక్క సీమ యుండెడిది. ఈ వాగు మొదలు ఆ కొండకొమ్మువరకు మాది, అందలి గడ్డలు, పండ్లు, తేనె మావి యని వారికి తెలియును. పొరుగు గుంపునకును తెలియును. రాతిస్తంభము లేదు, పట్వారీ లెక్క లేదు. అయినను ఆ హద్దు నిలిచినది. దానిని నిలిపినవి జ్ఞాపకము, బంధుత్వము. తేనెకై నిలువెత్తు కొండచరియమీద తాటికి వ్రేలాడి దిగునప్పుడు పైన ఆ త్రాటికి కాపుండువాడు బావమరిది యని చెప్పుదురు. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటికొసను వ్రేలాడుచుండగా అతడు దానిని వదలడు. ఆపదకు ముందే కాపరి నేర్పరచుకొను ఉపాయమిది. నేడు మనము పెద్ద పెద్ద మాటలతో చెప్పుకొను విపత్తు నిర్వహణమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము నాకు కనబడలేదు.

రెండవ యెల్ల రాజులది. మన్ననూరు చెంత కొండలలో ప్రతాపరుద్రుని పేర నిలిచిన కోటగోడలు నేటికిని కలవు. అడవిని గెలుచుట వారి యుద్దేశ్యము కాదు. శత్రువు వచ్చు దారిని కాచుటయే వారి పని. పిదప నిజాము ప్రభువుల కాలమున ఫర్హాబాదు వేటవిడిదియైనది. కొండ చల్లదనము, పులుల సమృద్ధి దొరలనాకర్షించెను. అప్పుడు గీచిన గీతకు అర్థమొక్కటే: ఈ మృగములను ప్రభువులును, వారి యతిథులును వేటాడవచ్చును, ఇతరులు కూడదు. కృష్ణకు ఆవలియొడ్డు మద్రాసు రాజధానిలోనిది. అచ్చట 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టము అమలున నుండగా, ఈవలియొడ్డున నిజాము ప్రభుత్వపు నిబంధనలుండెను. ఏటికిరువైపుల ఒకే చెట్టు, ఒకే మృగము, ఒకే జాతి మనుష్యులు. శాసనములు మాత్రము వేరు.

మూడవ యెల్ల కథ విచిత్రమైనది. 1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు సతీసమేతముగా ఈ మెట్టకు వచ్చెను. ఐరోపాలో యుద్ధము సాగుచుండెను. అతడు ఆంగ్లేయుల కంటికి శత్రుదేశపు పౌరుడు; అందుచేత హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని కట్టడి. ఆ కట్టడియే చెంచులకు మేలైనది. ఆతడు పెంటలలో వారితో మెలగి, వారి యెల్లలను, వారి తిండిని, వారి కష్టములను వ్రాసుకొనెను. ఆ గ్రంథము 1943లో అచ్చుపడెను. చెంచు యడవిలో పుట్టి అడవినే నమ్ముకొనియుండగా, మైదానపు సేద్యగాండ్రు, కంట్రాక్టుదారులు, చిల్లర యుద్యోగులు అతనిని తన నేలమీదనే పరాయివానిగా చేయుచున్నారని ఆతని భావము. ఆతని సలహాను నిజాము ప్రభుత్వము కొంత విన్నది. 1940వ దశాబ్దపు తొలి యేండ్లలో సుమారు లక్ష యెకరముల యడవిని చెంచు రిజర్వుగా నేర్పరచిరి. మృగముకొరకు గాక, కలపకొరకు గాక, అందు బ్రతుకు మనుష్యులకొరకు అడవికి ఎల్ల గీచుట ఈ నేలమీద అదియే ప్రథమము.

ఈ యేర్పాటును నేను మితిమీరి పొగడను. చెంచులను అడిగి గీచిన గీత కాదది. వారి మేలు కోరినవారొకరు వారికై గీచినది. అయినను అందొక సూత్రము కలదు. నేలను కొలుచుటకు ముందు, ఆ నేలమీద నెవరెట్లు బ్రతుకుచున్నారో వ్రాసికొనవలెనన్నదే ఆ సూత్రము. మనము పోగొట్టుకొన్నదియు అదియే. 1948లో సంస్థానము భారతదేశమున లీనమయ్యెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడగా కృష్ణ రెండు తీరములు నొక రాష్ట్రములోనికి వచ్చెను. 1967లో రాష్ట్రమంతటికి ఒకే అటవీచట్టము వచ్చి, పాత హైదరాబాదు, మద్రాసు చట్టములు తొలగిపోయెను. చెంచు రిజర్వు మాట పాత దస్త్రములలో మిగిలినది. పెంటలలో క్రమముగా మరుగున పడినది.

నాలుగవ యెల్ల నీటిది. 1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1981 ప్రాంతమున నీరు నిలుపగా మహబూబునగరము, కర్నూలు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగెను. సోమశిల, జటప్రోలు ఆలయములను రాయి రాయిగా విప్పి మిట్టకు తరలించిరి. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురము చేరెను. రాతికి సంఖ్య వేసి, ఎచ్చటి రాయి నచ్చటనే పేర్చుట శిల్పులకు సాధ్యమైనది. లేచిపోయిన యూళ్ల మనుష్యులకట్టి సంఖ్య వేసి, ఎవరి పొరుగున వారిని కూర్చుండబెట్టినవారు లేరు. ఈ మాట గద్వాల, వనపర్తి, కొల్లాపురపు పెద్దలకు నేను చెప్పవలసినది కాదు.

ఇక అయిదవ యెల్లకు వచ్చెదను. మన్ననూరు ద్వారమిందులోనిదే. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ అను సీమను జాతీయ వనముగా ప్రకటించిరి. అచ్చటి ఆదివాసులను కాలక్రమమున వెలికి పంపిరి. అడవి యనగా మనుష్యుడు లేని చోటను భావము ఆ వనముతో లోకమంతట వ్యాపించెను. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణకు ప్రాజెక్ట్ టైగర్ అను పథకము వచ్చెను. 1978లో నాగార్జునసాగరము, శ్రీశైలము నడుమనున్న అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. 1983లో అది పులుల సంరక్షణకేంద్రమైనది. అయిదు జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి, నాడు దేశములోని యిట్టి కేంద్రములన్నిటిలో పెద్దదిగా పేరుపొందెను.

ఇందు వాడిన పరికరమును వివరించెదను. గుడిలో గర్భాలయము, దానిచుట్టు ప్రాకారము ఉన్నట్లు, అడవిని రెండు మండలములుగా విభజింతురు. నడిమిదానిని కోర్ ప్రాంతమందురు. అచ్చట పులికి విఘ్నము కలుగరాదు. చుట్టునున్నది బఫర్ ప్రాంతము. అచ్చట మనుష్యుని జీవనము, మృగము సంచారము సర్దుకొని సాగవలెను. గుడిలో పూజారికి గర్భాలయ ప్రవేశము కలదు. అడవిలో చెంచు పూజారియా, పరాయియా? మన కథకు మూలమైన ప్రశ్న యదియే.

కొలుచు పరికరముల చరిత్రయు చెప్పవలెను. పూర్వము వేసవిలో నీటికుంటలచెంత పులి యడుగుజాడను అద్దముపై గీచికొని లెక్కించెడివారు. ఆ లెక్కన 2002లో దేశమందు 3,642 పులులున్నవనిరి. ఇంతలో రాజస్థానములోని సరిస్కా యడవిలో పులి యొక్కటియు లేదని 2005లో తేలెను. కాగితముపై పులులుండెను, అడవిలో లేకుండెను. అప్పుడు పద్ధతి మార్చి, చెట్లకు కెమెరాలు కట్టి, చారల తేడానుబట్టి ఒక్కొక్క పులిని గుర్తించుట మొదలిడిరి. మనకు వ్రేలిముద్ర యెట్టిదో పులికి చారలట్టివి. 2006 నాటి లెక్కన దేశము మొత్తముమీద తేలినవి 1,411. తప్పుడు లెక్క ఊరికి చేయు కీడు మీకు తెలియును, అడవికిని అంతియే. సరియైన లెక్క వచ్చినపిదప కాపుదల పెరిగి, 2022 లెక్కకు సంఖ్య 3,682కు చేరినది. పరికరము నిజము చెప్పినప్పుడే పని నిజమగును.

ఆ 2006వ సంవత్సరము మరియొక విధమునను ముఖ్యమైనది. ఒకే యేట రెండు చట్టములు వచ్చెను. సెప్టెంబరులో వన్యప్రాణి చట్టమునకు సవరణ అమలులోనికి వచ్చి, పులుల కేంద్రములకు కోర్, బఫర్ ఎల్లలను, ప్రతి కేంద్రమునకును ఒక సంరక్షణ ప్రణాళికను విధించెను. డిసెంబరులో అటవీహక్కుల చట్టము వచ్చి, అడవిలో బ్రతుకు గిరిజనులకు నేలమీదను, ఫలసాయముమీదను హక్కులు గుర్తించెను. పైకి చూచిన ఈ రెండును ఎదురెదురుగా నిలిచినట్లుండును. కాని చదివిచూచిన రెండింటిలో ఒకే మాట కలదు: హక్కులు తేల్చక, గ్రామసభ యెరిగి సమ్మతింపక, ఎవరిని లేపరాదు. మనుష్యుడును మృగమును కలిసియుండుట సాధ్యము కాదని ముందుగా నిరూపింపవలెనని కూడ అందున్నది. ఆ నిరూపణ భారము అధికారులది, చెంచుది కాదు.

2014 జూన్ 2న తెలంగాణ మేర్పడగా కృష్ణ మరల సరిహద్దైనది. 2015లో ఈవలి భాగమును అమరాబాదు పులుల సంరక్షణకేంద్రముగా వేరుచేసిరి. కోర్ 2,166 చదరపు కిలోమీటర్లు, బఫర్ 445, మొత్తము 2,611. మన లెక్కన ఆరు లక్షల నలుబది వేల యెకరములకు మించినది. నాటి చెంచు రిజర్వు లక్ష యెకరములు దీనిలో ఆరవవంతైన కాదు. కోర్ లోపలి పల్లెలు వెలుపలికి వచ్చినచో కుటుంబమునకు మొదట 10 లక్షల రూపాయలనిరి. 2021లో దానిని 15 లక్షలకు పెంచిరి. సారలపల్లి, కుడిచింతలబైలు, తాటిగుండాల, వటవర్లపల్లి పేర్లు ఆ చర్చలలో వినవచ్చినవి. పోదలచినవారు కలరు; బడి, వైద్యము, బాట కావలెనని వారు కోరుదురు. పోనొల్లనివారును కలరు. ఇరువురిలో నెవరిని తప్పుపట్టుటకును నాకధికారము లేదు. ఒక్క మాట మాత్రము చెప్పవలెను: రూపాయి లెక్క కాగితముపై వచ్చును, త్రాడు పట్టుకొను బావమరిది యే పునరావాస కాలనీలో నుండునో యా కాగితముపై రాదు.

ఇక ప్రకృతి విపత్తులు. ఈ యడవికి మొదటి గండము అగ్గి. మాఘము దాటి ఆకు రాలినదిమొదలు వానలు పడువరకు ఒక్క బీడీముక్క చాలును. చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతర వచ్చునదియు నా యెండకాలముననే. అందుచేతనే ఆ జాతరను కొద్ది దినములకు పరిమితము చేసిరి. ఎండలు ముదురకముందే గడ్డి గీకి, వెడల్పైన బాటలవలె ఖాళీగీతలు తీయుదురు. మంట ఆ గీతవరకు వచ్చి తిండి దొరకక ఆరిపోవును. 2004నుండి ఉపగ్రహములు ఆకాశమునుండి మంటను కనిపెట్టి, అటవీశాఖకు వార్త పంపుచున్నవి. అయినను ఉపగ్రహము మంటను ఆర్పదు. కొమ్మ చేతబట్టి దానిని కొట్టి ఆర్పునది పెంటలోని చెంచే. మనుష్యుని సంపూర్ణముగా లేపిన యడవికి నిప్పుకాపరి యెవరన్నది ప్రణాళిక వ్రాయువారు ఆలోచింపవలసిన విషయము.

రెండవ గండము వరద. 2009 అక్టోబరు మొదట కృష్ణా తుంగభద్రలకు కనివిని యెరుగని వెల్లువ వచ్చి, కర్నూలు, అలంపురము మునిగెను. మూడవ గండము నేలలోపలిది. శ్రీశైలము జలాశయమునుండి నల్లగొండకు నీరు తెచ్చుటకు దోమలపెంటవద్ద సుమారు 44 కిలోమీటర్ల సొరంగము త్రవ్వుట ఆరంభించిరి. పైన పులుల యడవి యుండుటచే నడుమ మరియెచ్చటను ద్వారములు తెరువక, రెండు కొనలనుండియే త్రవ్వుచు వచ్చిరి. 2025 ఫిబ్రవరి 22న సుమారు 14వ కిలోమీటరుకడ కప్పు కూలి, నీరు బురద ముంచెత్తగా ఎనిమిదిమంది లోపల చిక్కి ప్రాణములు గోల్పోయిరి. వారు దూరదేశములనుండి పనికి వచ్చిన బిడ్డలు. మధ్యద్వారము లేకుండుటయే కారణమని నేననను. ఆ నిర్ణయము నిపుణులది. కాని పైన అడవి పటము, లోపల రాతి పటము, నీటిపటము వేరు వేరు కచ్చేరీలలో నుండునెడల ఎంత ప్రమాదమో యా దినము మనకు తెలిసినది.

పటములను కలిపిచూచుట సాధ్యమేయని చెప్పుటకొక సంఘటన కలదు. ఈ మెట్టక్రింద యురేనియము కలదను తలంపుతో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు 2019 మే నెలలో కేంద్రమందలి అటవీసలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. చెంచుపెంటలలో, అమరాబాదు గ్రామములలో కలవరము పుట్టెను. క్రిందనున్నది కృష్ణ, ఆ నీరు త్రాగువారెందరో! ఊరూర సభలు జరిగెను. తుదకు 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను. అప్పుడు పులి పటము, చెంచు పటము, నీటి పటము మూడును ఒకదానిపై నొకటి పరచి జనులు చూచిరి. మూడింటి జవాబు నొక్కటే యయ్యెను.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినదానిలోని సారము చిన్నది. ప్రతి యెల్లయు ఒకదానిని కాపాడి మరియొకదానిని మరచినది. రాజు వేటను కాపాడి జనులను మరచెను. ఆనకట్ట నీటిని కాపాడి ఊళ్లను మరచెను. పులి యెల్ల పులిని కాపాడుచున్నది. ఆ పని జరుగవలసినదే, పులి లేని నల్లమల నల్లమల కాదు. కాని అదే కాగితముమీద చెంచుయెల్లయు, నిప్పుగీతయు, నీటిదారియు కనబడనిచో అది సగము పటమే యగును.

అందుచేత మీకు నా విన్నపము. మీ గ్రామసభకు ప్రణాళిక యని యొక కాగితము వచ్చినప్పుడు, చదువక వ్రేలిముద్ర వేయకుడు, వేయనీయకుడు. మా వాగు ఇందెచ్చట నున్నది? మా పశువుల దారి యేది? మొన్నటి మంట యెచ్చటినుండి వచ్చెను? వరద నీరెంతవరకెక్కెను? అని యడుగుడు. మీ యూరి వృద్ధుల జ్ఞాపకములోనున్న గుర్తులను చదువుకొన్న పిల్లలచేత ఒక పటముగా వ్రాయించి, పంచాయతీలో భద్రపరచుడు. హైమెండార్ఫ్ చెంచుల యెల్లలను వ్రాసికొనినందుననే నేడు మనము వానిగూర్చి మాటలాడగలుగుచున్నాము. వ్రాయక పోయిన యెల్లలు మాత్రము తెలిసినవారితో కాటికి పోయినవి.

ఆ రాత్రి మన్ననూరు ద్వారముకడ తెలతెలవారుచుండగా, అడవిలోనుండి ఒక చెంచు దంపతులు తలపై తట్టలతో నడచివచ్చిరి. ద్వారమింకను తెరువలేదు. వారు దానిని చూడనైన చూడక, ప్రక్కనున్న కాలిబాటను దాటి సంతవైపు సాగిపోయిరి. ఆరు గంటలకు మాకు ద్వారము తెరచిరి. మేము వాహనములెక్కి వారి యడవిలోనికి పోతిమి.